విడిది వాహనంలో మంచినీరు: అడుగు వాల్వు మార్పిడి, మెరుగుదల

ఇంటిపట్టున ఉన్నంతకాలం మంచినీటి విలువ మనకు అంతగా తెలియదు. కుళాయి తిప్పితే నీరు వస్తుంది, బిందె నిండుతుంది. అది మన హక్కుగానే తోస్తుంది. ఊరికి ఆమడ దూరంలో, చెట్టునీడ కూడ కరువైన మెట్టనేలలలో నెలల తరబడి విధులు నిర్వర్తించే క్షేత్ర బృందాల సోదరులను అడిగితే ఆ విలువ బోధపడుతుంది. వారికి ఇల్లు, వంటగది, కార్యాలయం అన్నీ ఒక విడిది వాహనమే. ఆ వాహనపు తొట్టిలోని నీరే వారికి ప్రాణాధారం.

ఖనిజాన్వేషణ, చమురు సర్వే, విద్యుత్ లైన్ల నిర్మాణం, దూరప్రాంత కేంద్రాల మరమ్మతు వంటి పనులలో ఇటువంటి వాహనాల అవసరం నేటికీ ఎంతైనా ఉన్నది. లారీ చట్రంపై కట్టిన గది, అందులో నలుగురికి పడకలు, ఒక మూల వంట అర, అడుగున 200 లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు నీటి తొట్టి, నీటిని కుళాయికి అందించే చిన్న పంపు, ఇదీ స్థూలంగా దాని స్వరూపం. పాశ్చాత్య దేశాలలో విహారయాత్రలకు వాడే క్యాంపర్ వాహనాల నిర్మాణం కూడ ఇంచుమించు ఇదే. ప్రయోజనం వేరైనా నీటి తొట్టి సమస్యలు మాత్రం ఉభయులకూ ఒకటే.

వాహన నిర్వహణ విభాగంలో పనిచేసే మేము ఇంజను, బ్రేకులు, టైర్లు, బ్యాటరీల గురించి ఎన్నో మాటలు చెబుతుంటాము. తొట్టి అడుగున, మట్టి కొట్టుకొని, ఎవరి కంటా పడకుండా ఉండే వాల్వును గురించి మాట్లాడుకునే సందర్భం బహు అరుదు. క్షేత్ర బృందం ఆరోగ్యం చాలావరకు ఆ చిన్న భాగంపైనే ఆధారపడి ఉన్నది. అందుకే ఈ వ్యాసాన్ని దానికి కేటాయిస్తున్నాము.

అడుగు వాల్వు ఎందుకు?

తొట్టిలోని నీరు వాడుకునేది పంపు ద్వారా, కుళాయి ద్వారా. మరి అడుగున వేరే ద్వారం దేనికి? కారణాలు మూడు.

మొదటిది, మడ్డి. బోరు నీటిలోని సన్నని ఇసుక, ట్యాంకరు నుండి వచ్చిన తుప్పు, కఠిన జలం విడిచిన సున్నపు పొర, ఇవన్నీ నెమ్మదిగా అడుగుకు చేరతాయి. పంపు గొట్టం సాధారణంగా అడుగుకు కొంత పైన ఉంటుంది కనుక ఈ మడ్డి కుళాయిలోకి రాదు. కంటికి కనిపించదు కనుక అది లేదనే అనుకుంటాము. సూక్ష్మజీవులకు ఆ మడ్డి చక్కని ఆవాసం. పైన పోసిన క్లోరినులో కొంత భాగాన్ని అదే హరించివేస్తుంది.

రెండవది, నిలువ నీరు. ఒక శిబిరం ముగిసి వాహనం వర్క్‌షాపుకు వచ్చి, మరల బయలుదేరడానికి వారాలు పట్టవచ్చు. ఎండలో నిలిచిన ఆ వాహనంలో మిగిలిన నీరు గోరువెచ్చగా ఉండి, క్లోరిను కోల్పోయి, క్రమంగా కలుషితమవుతుంది. దానిపైనే కొత్త నీరు పోస్తే కొత్త నీరూ పాడవుతుంది. పాతనీటిని పూర్తిగా తీసివేయడానికి అడుగు వాల్వు తప్ప మార్గాంతరం లేదు.

మూడవది, చలి. నీరు గడ్డకట్టినపుడు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడికి గొట్టాలు, వాల్వులు, పంపు పగిలిపోతాయి. దక్కను పీఠభూమిలో మనకు ఈ బాధ లేకపోయినా, లడఖ్ వంటి హిమాలయ ప్రాంతాలకు బదిలీపై వెళ్లే మన సహోద్యోగులకు ఇది బాగా ఎరుకే. శీతల దేశాలలో శీతకాలానికి ముందు క్యాంపర్ తొట్టిని ఖాళీ చేయడం తప్పనిసరి ఆచారం.

చుక్క చుక్కగా జరిగే నష్టం

వాల్వు కారుతున్నదని చెబితే, "చుక్కేగదా, చూద్దాం" అనే సమాధానం తరచుగా వినిపిస్తుంది. ఆ చుక్కను ఒకసారి లెక్క వేసి చూద్దాము. సుమారు 20 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. క్షణానికి ఒక చుక్క చొప్పున కారితే రోజుకు 86,400 చుక్కలు, అనగా 4 లీటర్లకు పైమాటే. వారానికి 30 లీటర్లు. నీటి ట్యాంకరు వారానికి ఒకమారు మాత్రమే వచ్చే చోట 30 లీటర్లంటే 200 లీటర్ల తొట్టిలో సుమారు ఏడవ వంతు. వేసవిలో నలుగురు మనుషులకు అది కనీసం రెండు రోజుల తాగునీరు. చిల్లుకుండలో నీళ్లు పోసి దాహం తీరలేదని వగచినట్లుంటుంది.

నష్టం నీటితో ఆగదు. కారే చోట ఎప్పుడూ తడి ఉంటుంది. తడికి దుమ్ము అంటుకుంటుంది. దుమ్ముతో కూడిన ఆ తడిలో ఈగలు, చీమలు చేరతాయి. వాల్వు మూతి మలినమై, ఎవరైనా ఆ మూతి కిందే బిందె పెట్టి నీరు పట్టుకుంటే వ్యాధి కొనితెచ్చుకున్నట్లే. క్షేత్రంలో ఇద్దరికి విరేచనాలు పట్టుకుంటే ఆ బృందం పని మొత్తం నిలిచిపోతుంది. దగ్గరి ఆసుపత్రి ఎంత దూరంలో ఉంటుందో చెప్పలేము. ఇన్నిటికీ మూలం ఒక చిన్న వాల్వు అయినప్పుడు, గోటితో పోయేదానిని గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఎందుకు?

పాత కాక్‌లోని లోపాలు

పలు వాహనాలలో తొట్టితోబాటు వచ్చేది ఇంజను రేడియేటరుకు అమర్చే తరహా చిన్న కాక్. దాని రంధ్రం 6 మిల్లీమీటర్లకు మించదు. రేడియేటరుకు అది చాలు. మంచినీటి తొట్టికి చాలదు.

ఇక్కడ కొంత గణితం అవసరం. తొట్టి అడుగు రంధ్రం గుండా నీరు వెలువడే వేగం పైనున్న నీటి ఎత్తుపై ఆధారపడుతుందని 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిసెల్లి నిరూపించాడు. మన 200 లీటర్ల తొట్టిలో నీటి ఎత్తు 40 సెంటీమీటర్లు అనుకుందాము. 6 మిల్లీమీటర్ల రంధ్రం గుండా అది పూర్తిగా ఖాళీ కావడానికి సుమారు 2 గంటల 20 నిమిషాలు పడుతుంది. అర అంగుళం రంధ్రమైతే సుమారు 32 నిమిషాలు. ముప్పావు అంగుళం రంధ్రమైతే సుమారు 14 నిమిషాలే. రంధ్రపు వ్యాసం రెట్టింపైతే ప్రవాహం నాలుగు రెట్లవుతుంది.

ఈ లెక్క వెనుక మానవ స్వభావం కూడ దాగి ఉన్నది. 14 నిమిషాలలో అయ్యే పనిని డ్రైవరు టీ తాగేలోపు పూర్తి చేస్తాడు. 2 గంటలకు పైగా పట్టే పనిని రేపటికి వాయిదా వేస్తాడు. ఆ రేపు ఎప్పటికీ రాదు. పైగా సన్నని రంధ్రం గుండా నీరు నిదానంగా పోతే మడ్డి కదలక అడుగునే ఉండిపోతుంది. వేగంగా పోయే నీరే మడ్డిని తనతో తీసుకుపోగలదు.

కొన్ని వాహనాలలో కాక్ బదులు గేట్ వాల్వు ఉంటుంది. పలక కిందికి దిగి దారిని మూసే ఈ వాల్వుకు ఇసుక ప్రబల శత్రువు. పలక కూర్చునే గాడిలో నాలుగు ఇసుక రేణువులు చేరినా అది పూర్తిగా మూసుకోదు. మూసుకోవడం లేదని బలంగా బిగిస్తే కాడ మరలు అరిగిపోతాయి.

మేలైన ఎంపిక

ఈ అవసరానికి ముప్పావు అంగుళం ఫుల్ బోర్ బాల్ వాల్వు శ్రేష్ఠమని మా అనుభవం. రంధ్రం గల గోళం ఒకటి లోపల పావు చుట్టు తిరిగి దారిని తెరుస్తుంది, మూస్తుంది. పిడి గొట్టం వెంబడి ఉంటే తెరిచినట్లు, అడ్డంగా ఉంటే మూసినట్లు. చీకటిలో చేతితో తడిమి కూడ స్థితి తెలుసుకోవచ్చు. కొనేటప్పుడు "ఫుల్ బోర్" అన్న మాటను ఇండెంటులో స్పష్టంగా రాయవలసి ఉంటుంది. రెడ్యూస్డ్ బోర్ రకంలో పైకి ముప్పావు అంగుళమని కనిపించినా, లోపలి గోళపు రంధ్రం అంతకంటె చిన్నది.

లోహం విషయంలోనూ జాగ్రత్త అవసరం. సాధారణ ఇత్తడిలో యశదం క్రమంగా కరిగిపోయి, మిగిలిన లోహం గుల్లబారుతుంది. మంచినీటికి స్టెయిన్‌లెస్ స్టీలు వాల్వుగాని, ఈ క్షయాన్ని తట్టుకునేలా తయారైన డీజెడ్ఆర్ ఇత్తడి వాల్వుగాని వాడడం ఉత్తమం. స్టెయిన్‌లెస్ తొట్టికి, వాల్వుకు మధ్య పొట్టి జీఐ నిపిల్ వేసే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. అది ఎంతమాత్రం తగదు. భిన్న లోహాలు నీటిలో కలిసినపుడు బలహీనమైనది తుప్పు పడుతుంది. పెద్ద స్టెయిన్‌లెస్ తొట్టి పక్కన చిన్న జీఐ నిపిల్ త్వరగా తినివేయబడుతుంది. ప్లాస్టిక్ వాల్వు చౌకయే అయినా, ఎండకు పెళుసెక్కి, కంకర రోడ్డుపై ఒక రాయి తగిలితే విరిగిపోగలదు.

మరల మర్మం

దిగుమతి చేసుకున్న వాహనాలకు కొత్త వాల్వు అమర్చేటప్పుడు తరచుగా ఎదురయ్యే చిక్కు మరల తేడా. మన దేశంలో పైపు మరలు బ్రిటిష్ పద్ధతికి చెందినవి. ఈ పద్ధతికి మూలపురుషుడు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో 55 డిగ్రీల కోణాన్ని ప్రతిపాదించాడు. అమెరికాలో 1864లో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణాన్ని ప్రతిపాదించగా, అక్కడి పైపు మరలు కూడ ఆ కోణంలోనే స్థిరపడ్డాయి.

అర అంగుళం, ముప్పావు అంగుళం సైజులలో ఉభయ పద్ధతులలోనూ అంగుళానికి 14 మరలే ఉంటాయి. అందుచేత మన వాల్వు అమెరికా నిపిల్‌పై రెండు మూడు చుట్లు సులభంగానే ఎక్కుతుంది. తరువాత బిగుసుకుంటుంది. సరిగ్గా కూర్చున్నదనే భ్రమ కలుగుతుంది. కోణాలు వేరు కనుక మరల మధ్య సన్నని సందు మిగిలి, ఎంత టేపు చుట్టినా కొంతకాలానికి కారడం మొదలవుతుంది. ఒక అంగుళం సైజులో బ్రిటిష్ పద్ధతికి 11, అమెరికా పద్ధతికి పదకొండున్నర మరలు కనుక అక్కడ తేడా వెంటనే బయటపడుతుంది. చిన్న సైజులలోనే మోసం. మర గేజితో కోణాన్ని పరీక్షించి, అవసరమైతే ఒక చివర అమెరికా మర, మరొక చివర మన మర గల అడాప్టరును వాడవలెను.

మార్పిడి క్రమం

పని గంటన్నరకు మించదు. క్రమం తప్పకుండా చేయడమే ముఖ్యం.

1. వాహనాన్ని చదునైన నేలపై నిలిపి, చక్రాలకు చెక్క దిమ్మెలు వేయాలి. పంపు స్విచ్చి ఆపి, పైమూతను తెరిచి ఉంచాలి. గాలి లోపలికి పోయే దారి లేకపోతే నీరు సరిగా దిగదు.

2. ఉన్న నీటిని వీలైనంతవరకు బయటకు తీసి, తొట్టి నిపిల్‌ను ఒక పానాతో కదలకుండా పట్టి, రెండవ పానాతో పాత కాక్‌ను విప్పాలి. ఒకే పానాతో విప్పితే ఆ బలమంతా తొట్టి వెల్డింగుపై పడి అతుకు చిట్లగలదు. బిగుసుకున్న మరలకు కిరోసిన్, డీజిల్ పూయడం మంచినీటి తొట్టి వద్ద నిషిద్ధం.

3. నిపిల్ పైచివర తొట్టి లోపలికి పొడుచుకొని ఉన్నదేమో చూడాలి. ఒక సెంటీమీటరు పైకి ఉన్నా, మన తొట్టి అడుగు వైశాల్యాన్ని బట్టి 5 లీటర్ల మురికినీరు ఎప్పటికీ బయటకు రాదు. నిపిల్‌ను అడుగు మట్టానికి సమంగా చేయించడం ఈ మెరుగుదలలో అత్యంత విలువైన అంశం. పాత నిపిల్ సన్ననిదైతే ముప్పావు అంగుళం నిపిల్‌ను కూడ అప్పుడే వేయించాలి. లేకపోతే పెద్ద వాల్వు వేసిన ఫలితం దక్కదు.

4. మరలను వైరు బ్రష్‌తో శుభ్రపరచి, మొదటి మరను వదలి, మర చివరను మనవైపు ఉంచి చూస్తే గడియారపు ముల్లు తిరిగే దిశలో టెఫ్లాన్ టేపును మూడు నాలుగు చుట్లు చుట్టాలి. వెనుక దిశలో చుడితే బిగించేటప్పుడు టేపు ఊడిపోతుంది. పాతకాలంలో జనపనారకు తెల్ల సీసం పూసి చుట్టేవారు. సీసం విషం కనుక మంచినీటికి అది వాడరాదు.

5. వాల్వును ముందు చేతితో ఎక్కినంతవరకు ఎక్కించి, తరువాత పానాతో ఒకటిన్నర, రెండు చుట్లు బిగిస్తే చాలు. ప్లాస్టిక్ తొట్టి అయితే మరింత సున్నితంగా, రబ్బరు వాషరు, చెక్‌నట్‌తో అమర్చాలి.

6. మూసి ఉన్నపుడు పిడి వాహనం వెనుక దిశకు చూసేటట్లు అమర్చాలి. అప్పుడు ముళ్లపొదలు, రాళ్లు తగిలినా పిడి తెరుచుకోదు. రాళ్ల దెబ్బ కాచుకోవడానికి ముందు ఒక ఇనుప రేకు కవచం, వాల్వు మూతికి గొలుసుతో కట్టిన మరమూత ఉంటే రక్షణ రెట్టింపవుతుంది.

7. తొట్టిని నింపి, అతుకు కింద పాత వార్తాపత్రిక పరచి రాత్రంతా వదిలివేయాలి. తెల్లవారి కాగితంపై ఒక్క మచ్చ ఉన్నా అతుకును విప్పి తిరిగి చేయవలసిందే. తరువాత గతుకుల రోడ్డుపై కొంత దూరం నడిపి, మరొకసారి చూడాలి. నిలిచి ఉన్నపుడు కారని అతుకు కుదుపులకు కారవచ్చు.

శుద్ధి చేయనిదే పని ముగియదు

చేతులు, పనిముట్లు తగిలిన తొట్టిని క్రిమిరహితం చేయకుండా వాడుకకు ఇవ్వరాదు. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిను చొప్పున 200 లీటర్లకు 10 గ్రాముల క్లోరిను అవసరం. తాజా బ్లీచింగ్ పొడిలో సుమారు మూడవ వంతు క్లోరిను ఉంటుంది కనుక 30 గ్రాముల పొడి చాలు. నిలువ ఉండి బలం తగ్గి, నాలుగవ వంతే మిగిలిన పొడి అయితే 40 గ్రాములు కావాలి. పొడిని బకెట్టు నీటిలో కలిపి, సున్నం పేరుకున్నాక పైతేట మాత్రమే తొట్టిలో పోయాలి. తొట్టి నింపి, కుళాయిలో క్లోరిను వాసన వచ్చేవరకు పంపు నడిపి, 4 గంటలు ఉంచి, అడుగు వాల్వు ద్వారా వదిలి, రెండుసార్లు మంచినీటితో కడగాలి. అంతకంటె ఎక్కువ కాలం ఉంచితే క్లోరిను స్టెయిన్‌లెస్ స్టీలునే తినడం ఆరంభిస్తుంది. ఈ నీటిని చెరువులలోకి, పశువులు తాగే చోటికి వదలరాదు.

నిత్యవాడుకలో 200 లీటర్లకు అరగ్రాము తాజా పొడి సరిపోతుంది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం శేష క్లోరిను లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. వెనుకటి రోజులలో దీనిని ఆర్థోటోలిడిన్‌తో పరీక్షించేవారు. నేడు డీపీడీ మాత్రలతో కూడిన చిన్న పెట్టె లభిస్తున్నది. మందుల పెట్టెతోబాటు అది కూడ ప్రతి విడిది వాహనంలో ఉండదగినది.

అలవాటు కావలసిన సంరక్షణ

బాల్ వాల్వుకు పెద్దగా సేవ అవసరం లేదు. పక్షానికొకసారి తెరిచి మూస్తూ ఉంటే సున్నం పట్టి బిగుసుకుపోదు. సగం తెరిచి నీరు వాడుకోవడం మాత్రం మంచిది కాదు. వేగంగా పోయే ఇసుక లోపలి టెఫ్లాన్ వలయాలను గీకివేస్తుంది. చలి ప్రదేశాలలో తొట్టి ఖాళీ చేసిన తరువాత పిడిని సగం తిప్పి ఉంచాలి. పూర్తిగా మూసినా, పూర్తిగా తెరిచినా గోళం చుట్టూ చిక్కుకున్న నీరు గడ్డకట్టి వాల్వునే పగలగొట్టగలదు.

ఇవి సాంకేతిక విషయాలు. అంతకు మించి చెప్పుకోవలసినది ఒకటి ఉన్నది. ఇంజను ఆగితే ఆ రోజే ఫిర్యాదు వస్తుంది, ఆ రోజే మరమ్మతు జరుగుతుంది. నీటి తొట్టి పాడైతే వాహనం ఆగదు. నీరు తాగిన మనిషి ఆగిపోతాడు. అతని సెలవు చీటీలో జ్వరమనో, కడుపునొప్పి అనో ఉంటుందే తప్ప, కారణం తొట్టి అడుగున ఉన్నదని ఎక్కడా నమోదు కాదు. నమోదు కాని లోపం బడ్జెట్టులోకి రాదు. బడ్జెట్టులోకి రాని లోపం ఏళ్ల తరబడి అలాగే కొనసాగుతుంది. ఈ వలయాన్ని ఛేదించే బాధ్యత మన అందరిదీ.

అందుకు మేము చేసే సూచనలు సులభసాధ్యమైనవే. వాహన లాగ్ బుక్‌లో "తొట్టి ఖాళీ చేసిన తేదీ, క్లోరిను వేసిన తేదీ" అనే రెండు గడులు చేర్చాలి. ఫుల్ బోర్ వాల్వుకు, తగిన అడాప్టరుకు స్టోర్స్‌లో కోడ్ నంబరు ఇచ్చి, ఎల్లవేళలా కొన్నింటిని నిలువ ఉంచాలి. వాహనం శిబిరానికి బయలుదేరేముందు బ్రేకులను పరీక్షించినట్లే అడుగు వాల్వును కూడ పరీక్షించి, ఫిట్టరు సంతకం చేయాలి. శిబిరంలో తొట్టి బాధ్యత ఎవరిదో ఒక్కరి పేరు రాసి ఉంచాలి. అందరి బాధ్యత అన్నది చివరకు ఎవరి బాధ్యతా కాకుండా పోతుందని మనకు తెలియనిది కాదు.

దప్పిక అయినపుడు బావి తవ్వడం వివేకం కాదని పెద్దలు ఏనాడో హెచ్చరించారు. వచ్చే వేసవికి మన వాహనాలు మరల మెట్టదారులు పట్టకముందే, ప్రతి డిపోలోని సహోద్యోగులు ఒకసారి నడుము వంచి తమ వాహనాల తొట్టి కిందికి చూడవలసిందిగా కోరుతున్నాము. అక్కడ తడి కనిపిస్తే ఆ రోజే ఇండెంటు పెట్టండి.